కాలర్ బోన్ విరిగితే ప్లేటు వేయాల్సిందేనా?

మోటారు సైకిలు మీది నుంచి భుజం నేలకు తగిలేలా పడినప్పుడు తరచుగా విరిగే ఎముక జత్రుక. అందరికీ తెలిసిన పేరు కాలర్ బోన్. చర్మం కిందనే ఉండడం వల్ల విరిగినచోట ఎత్తుగా కనిపిస్తుంది. ఎక్స్‌రేలో రెండు ముక్కలు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటే బంధువులు బెంబేలెత్తుతారు. ‘ప్లేటు వేస్తే తప్ప అతకదు’ అని ఎవరో ఒకరు అంటారు. ఆ సాయంత్రమే ఆపరేషనుకు సంతకం పెట్టేవారూ ఉన్నారు. పెద్దవారిలో ఎక్కువమందికి అంత తొందర అనవసరమని నా అభిప్రాయం.

కొన్ని సందర్భాలలో మాత్రం ఆలస్యం చేయరాదు. ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చినా, లోపలి నుంచి పొడుచుకొని చర్మం తెల్లబారినా, చేయి చల్లబడినా, వేళ్లకు తిమ్మిరి పట్టి పట్టు తప్పినా, ఆయాసం వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇవేవీ లేనప్పుడు ఆలోచించుకోవడానికి వారం, పది రోజుల వ్యవధి ఉంటుంది. ఆ లోగా చేతికి జోలె కట్టుకుంటే చాలు.

మా తరం వైద్యులకు ఈ ఎముక అతకకపోవడమన్నది అరుదైన విషయమనే నేర్పారు. 1960లో అమెరికా వైద్యుడు చార్లెస్ నీర్ ప్రకటించిన లెక్కలో ఆపరేషను లేకుండా చూసిన 2,235 మందిలో అతకనివారు ముగ్గురే. ముక్కలు బాగా పక్కకు జరిగిన పెద్దవారి విషయంలో ఆ లెక్క నిలవలేదు. 2007లో కెనడా వైద్యులు అటువంటి 132 మందిపై జరిపిన అధ్యయనం వెలువడింది. ఏడాదిపాటు గమనించగలిగినవారిలో, జోలెతో ఉన్న 49 మందిలో 7 గురికి, ప్లేటు వేసిన 62 మందిలో ఇద్దరికి ఎముక అతకలేదు. కనుక ప్లేటు వల్ల మేలు లేదనడం సరికాదు.

అయితే ఆ అంకెలనే రెండోవైపు నుంచి చూడండి. జోలెతోనే 42 మందికి అతికింది. కొందరికి వంకరగా అతికి ఇబ్బంది మిగిలిన మాట నిజమే. సుమారు తొమ్మిదిమందికి ప్లేటు వేస్తే ఒకరికి అతకని బాధ తప్పుతుందన్నమాట. ఆ తొమ్మిదిమందీ మత్తును, మచ్చను, చీము పట్టే ప్రమాదాన్ని, గాటు కింద చర్మం మొద్దుబారడాన్ని భరించాలి. సంచి పట్టీ ప్లేటుకు ఒరుసుకొని, దాన్ని తీయించుకోవడానికి మళ్లీ ఆపరేషను బల్ల ఎక్కేవారూ ఉంటారు. 2013లో వెలువడిన స్కాట్లాండు అధ్యయనంలో, ఎముక అతికినవారి వరకు చూస్తే, ఏడాది తరువాత భుజం పనితీరులో రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జోలెతో అతకనివారికి తరువాతైనా ప్లేటు వేయవచ్చు. అది కాస్త కష్టమైన ఆపరేషనే గాని, దారి మూసుకుపోదు.

ఎముక రెండు సెంటీమీటర్లకు మించి కురచబడినా, పలు ముక్కలైనా, భుజం వైపు చివర విరిగి పట్టు తప్పినా ఆపరేషను గురించి గట్టిగా ఆలోచించవలసిందే. త్వరగా పనిలోకి దిగితే తప్ప ఇల్లు గడవని తాపీ మేస్త్రీ లెక్క వేరు, బల్ల ముందు కూర్చునే ఉద్యోగి లెక్క వేరు. మీ పని ఏమిటో, మధుమేహం ఉందో లేదో అడగకుండా ఎక్స్‌రే మాత్రమే చూసి తేల్చేస్తే మరొక వైద్యుని సలహా తీసుకోండి. బీడీ, సిగరెట్టు మానవలసింది మాత్రం మీరే. పొగ తాగేవారిలో ఎముక అతకకపోయే అవకాశం ఎక్కువ.

పుత్తూరు కట్టు సంగతేమిటని చాలామంది అడుగుతారు. ఈ ఎముక చాలామందిలో దానంతటదే అతుకుతుంది. కాబట్టి ఏ కట్టు కట్టినా ఘనత కట్టుకే దక్కుతుంది! మర్దన మాత్రం చేయించకండి. రెండు భుజాలనూ వెనక్కి లాగి కట్టే ఎనిమిది అంకె కట్టుకన్నా మామూలు జోలెతోనే బాధ తక్కువ, ఫలితంలో తేడా లేదు.

వేళ్లు, మణికట్టు, మోచేయి మొదటిరోజు నుంచే కదిలించాలి. రెండు, మూడు వారాలకు నొప్పి తగ్గుతుంటే వైద్యుని సలహాతో జోలె తీసి భుజాన్ని మెల్లగా ఆడించాలి. బరువులెత్తడం, బండి నడపడం ఎక్స్‌రేలో అతుకు కనిపించాకే. మూడు నెలలు దాటినా విరిగినచోట కదలికా నొప్పీ ఉంటే అప్పుడు ప్లేటు మాట ఎత్తాలి. అతికినచోట చిన్న బొడిపె మిగిలిపోతుంది. అది కణితి కాదు, కొత్తగా పెరిగిన ఎముకే.