బరువు మోయవలసినది భుజమా, తుంటియా?

సంత రోజున బస్తరు అడవిదారి పక్కన కొంతసేపు నిలబడి చూచినవారికి, మానవ శరీరం బరువును ఎన్ని విధాలుగా మోయగలదో ఒక్క పూటలోనే తెలిసిపోతుంది. మగవారు కావడిబద్దను భుజాన వేసుకొని, రెండు వైపుల ఉట్లలో ధాన్యమో కుండలో వేలాడదీసుకొని, చిన్న పరుగువంటి నడకతో సాగిపోతారు. ఆడవారు చుట్టకుదురు మీద గంప నిలుపుకొని, ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు నింపుకొని, మెడ కదలనీయక ఒకరి వెనుక ఒకరుగా నడుస్తారు. వారిలో పలువురికి తలపై గంపతోపాటు తుంటిపై పసిబిడ్డ కూడా ఉంటుంది. తల, భుజం, తుంటి అనే ఈ మూడు చోట్లలో బరువుకు తగిన స్థానమేదన్న ప్రశ్నపై పాశ్చాత్య దేశాలలో ఒక పరిశ్రమయే వెలసింది. ఆ పరిశ్రమ చివరికి మొగ్గినది బిడ్డ కూర్చున్న చోటువైపే.

ఆ చోటు మనకు కొత్తది కాదు. తెలుగు ఇల్లాలు చెరువు నుండి నీళ్ళబిందెను తెచ్చినది అక్కడనే. నడుమును కొంచెం పక్కకు వంచి, తుంటి ఎముక అంచును ఒక అరుగుగా చేసి, దానిపై బిందెను కూర్చోబెట్టి, చేతితో కేవలం పడకుండా పట్టుకుంటుంది. బరువును మోసేది ఎముక. చేయి కాపలా మాత్రమే. దోషమల్లా బరువు ఒకే పక్కన ఉండుటలో ఉన్నది. అదే బరువును రెండు తుంట్లకూ సమంగా పంచే ఉపాయం దొరికితే, దూరప్రయాణానికి అంతకంటె మెరుగైన మోత అరుదు.

బస్తరులో ఇది వినోదయాత్రికుల సమస్య కాదు. 1998 వరకు ఒకే జిల్లాగా, కేరళ రాష్ట్రం కంటె విశాలంగా ఉండిన ఆ ప్రాంతం ఇప్పుడు ఏడు జిల్లాలుగా ఉన్నది. దక్షిణాన కుంట, భోపాలపట్నం వైపు తెలుగు మాట వినిపిస్తుంది. మిరపకోతల కాలంలో అక్కడి కూలీలు తెలంగాణ చేలకు వచ్చి గంపలెత్తుతారు. రోడ్లు పడుతున్నా, కొండలమీద, వాగుల ఆవల ఉన్న పల్లెలకు నేటికీ కాలినడకయే గతి. 2002లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆరంభించిన ‘మితానిన్’ పథకం కింద పల్లెలలోని స్త్రీలే ఆరోగ్య కార్యకర్తలైనారు. 2020లో మొదలైన మలేరియా నిర్మూలన ఉద్యమంలో పరీక్షా సామగ్రిని, మందులను మోసుకొని బృందాలు ఇంటింటికీ నడిచాయి. టీకాల పెట్టె సంగతి అందరికీ తెలిసినదే: లోపల నాలుగు మంచుపలకలు, నడుమ టీకా సీసాలు, పైన ఒక పట్టీ. ఆ పట్టీ పడేది ఒక్క భుజం మీద!

ఒక్క భుజాన బరువు పడినప్పుడు శరీరం ఏమి చేస్తుందో గమనించండి. బరువున్న వైపు భుజం పైకి లేస్తుంది. వెన్ను ఎదుటి వైపుకు ఒరుగుతుంది. ఆ వైపు నడుము కండరాలు నడచినంతసేపూ బిగిసియే ఉంటాయి. పెట్టె బరువు స్వల్పమే కావచ్చును. కాని ఆ స్వల్పమే ఊరు దాటి, వాగు దాటి, మరో ఊరు దాటేసరికి నిలువెల్లా నొప్పియై కూర్చుంటుంది. నడిచి వచ్చిన మనిషి తరువాతి ఊరికి వెళ్ళగలదా లేదా అన్నది కొంతవరకు ఆ పట్టీ మీదనే ఆధారపడి ఉన్నది.

భుజం ఇంత తొందరగా అలసిపోవుటకు కారణం దాని నిర్మాణమే. భుజాన్ని మొండెపు ఎముకల గూడుతో కలిపేది కంటెఎముక ఒక్కటే. తక్కిన ఆధారమంతా మెడ నుండి, వీపు నుండి దిగివచ్చే కండరాలది. అంటే భుజంపై వేసిన మూట నిజానికి మెడకండరాలకు వేలాడుతున్నదన్నమాట. బరువైన సంచి పట్టీలు చాలాసేపు నొక్కితే అక్కడి నరాలు ఒరుసుకొని చేయి తిమ్మిరెక్కుట, పట్టు సడలుట వైద్యులు ఎరిగిన విషయం. ఇక తుంటిని చూడండి. కటి ఎముకలు వెనుక త్రికాస్థితోను, ముందు ఒకదానితో ఒకటియు బిగిసి ఒక వలయంగా ఉన్నాయి. ఆ వలయం కింద శరీరంలోకెల్ల దృఢమైన తొడ ఎముకలున్నాయి. తుంటిపై పడిన బరువు వెన్నులోని 24 కదిలే పూసలను తాకకుండ నేరుగా కాళ్ళలోకి, నేలలోకి దిగిపోతుంది. తలపై పెట్టినది మాత్రం ఆ 24 పూసలనూ ఒక్కొక్కటిగా నొక్కుకొనియే దిగవలెను.

అయినను తలమోతను తీసిపారవేయరాదు. 1986లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచినది. కెన్యాలోని కికుయు, లువో స్త్రీలు తమ శరీరపు బరువులో ఐదవవంతు వరకు తలపైగాని, నుదుటి పట్టీతోగాని మోసినా, ఉట్టిచేతులతో నడిచినదానికంటె అదనపు శక్తి వారికి ఖర్చు కాలేదు! 2005లో నేపాలీ కూలీలపై జరిగిన పరిశీలన ఇంకొక వింతను చూపినది. బుట్టను వీపున ఉంచి, దాని పట్టీని నుదుటికి తగిలించుకొనే ఆ పురుషులు సగటున తమ శరీరపు బరువులో 93 శాతం, స్త్రీలు 66 శాతం మోస్తూ కొండలెక్కుతున్నారు. వారి రహస్యంలో సగం నడకలో ఉన్నది: చాలా నెమ్మదిగా నడుస్తారు, మాటిమాటికీ ఆగుతారు, ఆగినప్పుడు బుట్టను దించక కింద ఒక చేతికర్రను ఊతగా నిలుపుతారు. కాని 2010లో ఆఫ్రికా స్త్రీలనే పరీక్షించిన మరొక బృందానికి తలమోతలో అట్టి పొదుపేదీ కనిపించలేదు. అదే సంవత్సరం దక్షిణాఫ్రికాలోని లింపోపో రాష్ట్రంలో నీళ్ళు మోసే స్త్రీలను అడిగి చూడగా మెడనొప్పి, వెన్నునొప్పి బయటపడినాయి. చిన్ననాటి నుండి అలవాటైన మెడకు సాధ్యమైనది, ఉద్యోగంలో చేరిన తరువాత మోత మొదలుపెట్టిన మెడకు సాధ్యం కాదని నా అభిప్రాయం.

కావడి విషయం మరింత ఆసక్తికరం. నడకతోపాటు వెదురుబద్ద వంగి లేస్తుంటుంది. అడుగు నేలను తాకిన క్షణాన బరువు ఇంకా గాలిలో తేలుతుంటుంది. 1991లో అమెరికా శాస్త్రజ్ఞుడు రోజర్ క్రామ్ సాగే గొట్టాలను కావడిబద్దలుగా వాడి, పరుగెత్తేవారిపై ఈ సంగతిని పరీక్షించాడు. శక్తి వ్యయం తగ్గలేదు గాని, భుజంపై పడే దెబ్బ బాగా తగ్గినది. 2006లో లారెన్స్ రోమ్ బృందం వీపు సంచినే సాగే తాళ్ళతో చట్రానికి వేలాడదీసి, అడుగడుగునా పడే కుదుపును తగ్గించినది. మన కావడివారు ఏ ప్రయోగశాలకూ పోకుండా ఎంచుకొన్న వెదురులో ఈ గుణం ఎప్పటినుండో ఉన్నది. పైగా కావడికి ఇంకొక సౌలభ్యం: ఆగకుండానే భుజం మార్చుకోవచ్చును.

వీపు సంచి తుంటిని కనుగొనుటకు చాలా కాలమే పట్టినది. నార్వే దేశీయుడు ఓలె బెర్గన్ వీపు వంపుకు అనుగుణమైన చట్రం అమర్చిన సంచికి 1909లో పేటెంటు పొందాడు. బరువు వీపుకు గుచ్చుకొనుట తగ్గినది గాని, భారం ఎక్కువగా భుజాలదే. తరువాతి పెద్ద మలుపుకు కారకుడు కాలిఫోర్నియా వాసి డిక్ కెల్టీ. 1950 ప్రాంతాల ఒక కొండయాత్రలో అతని మిత్రుడు చట్రపు కింది కొసలను తన ప్యాంటు వెనుక జేబులలో దూర్చగా, భుజాలపై భారం చటుక్కున తేలికైనదని చెప్పుకుంటారు. జేబులు చేసిన పనిని నడుము పట్టీ చేయగలదని కెల్టీ గ్రహించాడు. 1952లో తన ఇంటిలోనే అల్యూమినియం చట్రాలు వంచగా, భార్య నీనా సంచులు కుట్టినది. 1963లో ఎవరెస్టు ఎక్కిన అమెరికా బృందం వీపున ఉన్నవి ఆ సంచులే.

అయితే వ్యాపార ప్రకటనలను యథాతథంగా నమ్మనక్కరలేదు. బరువులో అధికభాగం తుంటికే పోతుందని అమ్మకందారులు చెబుతుంటారు. 2004లో అమెరికా సైనిక పరిశోధకులు చట్రంగల సంచులను వేర్వేరు బరువులతో కొలిచి చూడగా, నిలువు భారంలో సుమారు 30 శాతం మాత్రమే నడుము దిగువ భాగానికి చేరినది. తక్కినది పై వీపు, భుజాలదే. సంచి, పట్టీల అమరికను బట్టి ఈ పాలు మారవచ్చును. ఏది ఏమైనా, రోజంతా నడిచే భుజానికి పదింట మూడు పాళ్ళ విశ్రాంతి చిన్న మాట కాదు.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. మెత్తని గుడ్డసంచికి సన్నని నడుము పట్టీ కుట్టినంతమాత్రాన బరువు తుంటికి దిగదు. అట్టి పట్టీ సంచి ఊగకుండ ఆపగలదు, అంతే. బరువు పైనుండి కిందికి రావలెనంటే నడుమ వంగని దారి కావలెను. ఆ దారియే చట్రం. స్తంభాలు లేని ఇంటికి పునాది ఎంత గట్టిదైనా ఏమి లాభం?

బస్తరు నడకదారులకు తగిన సంచిని ఊహిస్తే, దాని ముడిసరుకులో చాలాభాగం అక్కడే కనిపిస్తుంది. వెదురుకు కొదవ లేదు. వెదురుపనిలో చేయి తిరిగినవారు పల్లెపల్లెకూ ఉన్నారు. నిట్టనిలువున రెండు వెదురు బద్దలు, వాటిని కలుపుతూ మూడు అడ్డబద్దలు, వీపుకు ఆనేచోట మంచానికి అల్లినట్లే నవారు. నవారు అల్లిక వలన సంచికి, వీపుకు మధ్య గాలి ఆడుతుంది; ఆ ఉక్కలో ఇది విలాసం కాదు, అవసరం. కింది అడ్డబద్దకు బెత్తెడు వెడల్పు గల, దూది లేక కొబ్బరిపీచు నింపిన తుంటి పట్టీ. టీకాపెట్టె వంటి బరువైన వస్తువు వీపుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. 12 కిలోల బరువు వెన్నుకు 10 సెంటీమీటర్ల దూరాన ఉన్నప్పుడు శరీరాన్ని వెనుకకు లాగే శక్తి ఎంతో, 25 సెంటీమీటర్ల దూరాన ఉన్నప్పుడు అందుకు రెండున్నర రెట్లు. ఆ లాగుడును సరిదిద్దుకొనుటకే మనిషి ముందుకు వంగి నడుస్తాడు.

మార్కెట్టులోని సంచులు చాలావరకు ప్యాంటు తొడిగిన శరీరాన్ని దృష్టిలో పెట్టుకొని చేసినవి. చీరకట్టులో కుచ్చిళ్ళ ముడి సరిగ్గా పట్టీ బిగింపు పడేచోటనే వస్తుంది. కనుక బిగింపును నడిమధ్యన కాక కొంచెం పక్కకు జరుపవలెను. స్త్రీల కటి వలయం వెడల్పు, వాలు వేరు గనుక పట్టీ కూడా నిటారు బద్దవలె కాక పైకి కొంచెం ఇరుకై ఉండవలెను. ఈ చిన్న మార్పులు చేయని సంచిని ఆమె రెండు రోజులు తగిలించుకొని, మూడవనాడు మూలన పెట్టి, మళ్ళీ నెత్తిన గంపయే ఎత్తుకుంటుంది. అందుకు ఆమెను తప్పుపట్టలేము.

చట్రపు కొలతకు మనిషి పొడవు ఆధారం కాదు. తల ముందుకు వంచితే మెడ మొదట పొడుచుకువచ్చే పూస తగులుతుంది. రెండు చేతులూ తుంట్లపై, బొటనవేళ్ళు వెనుకకు ఉండేటట్లు ఆనిస్తే, ఆ వేళ్ళ మట్టమే కింది గుర్తు. ఈ రెంటి మధ్య దూరమే వీపు కొలత. పొడవాటి మనిషికి పొట్టి వీపు, పొట్టి మనిషికి పొడవాటి వీపు ఉండుట అరుదు కాదు. తగిలించుకొనేటప్పుడు ముందుగా భుజపు పట్టీలను వదులు చేసి, తుంటి పట్టీని కడుపు మీద కాక తుంటి ఎముక పై అంచును కప్పేటట్లు బిగించవలెను. భుజపు పట్టీలను ఆ తరువాతనే, సంచి వెనుకకు ఒరగకుండ ఉండేటంత మాత్రమే లాగవలెను. చాలామంది దీనిని తలకిందులుగా చేసి, పట్టీ వలన ఉపయోగం లేదంటారు. బడిపిల్లల సంచి శరీరపు బరువులో పదవవంతు మించరాదని 2020 నాటి జాతీయ విధానం చెప్పినది. పిల్లలకు అన్నిటికంటె ముందు చేయవలసినది బరువు తగ్గించుట, పట్టీ తరువాత.

వానకాలంలో బస్తరు నడక అంటే వాగులే. బిగించిన తుంటి పట్టీతో నీటిలో కాలు జారితే సంచి మనిషిని వదలదు. నిండిన చట్రం వీపునంటి కిందికి లాగుతుంది. కాబట్టి వాగులో దిగబోయే ముందు తుంటి పట్టీని పూర్తిగా విప్పి, భుజపు పట్టీలను వదులు చేసి, అవసరమైతే ఒక్క విదిలింపుతో సంచిని వదిలివేయగలిగేటట్లు ఉండవలెను. బిగింపు ఒక్క చేతితో, తడిచేతితో, చీకటిలో సైతం విడిపోయేటట్లు చేయుట ఈ సంచిని తయారుచేసేవాని మొదటి బాధ్యత. అవతలి ఒడ్డు ఎక్కిన తరువాత మళ్ళీ తుంటి పట్టీయే ముందు, భుజాలు ఆ తరువాత.