అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయ ఉపకులపతిగారికి బహిరంగ లేఖ

ఆర్యా,

1982లో ఆచార్య జి. రాంరెడ్డిగారి సారథ్యమున, దేశములోనే ప్రథమ సార్వత్రిక విశ్వవిద్యాలయముగా వెలసిన మీ సంస్థ జూబిలీహిల్సున, ఫిలింనగరుకు అనతిదూరముననే యున్నది. సామాజిక మానవశాస్త్రవేత్త ఎస్. సి. దూబేగారు పలు శాస్త్రముల పరిశోధకులతో హైదరాబాదు సమీపగ్రామమగు శామీర్‌పేటను శోధించి 1955లో ‘ఇండియన్ విలేజ్’ గ్రంథమును వెలువరించిరి. అట్టి క్షేత్రపరిశోధనకు నేడు శామీర్‌పేట దాక పోనక్కరలేదు. నగరములోనే, వేకువన కృష్ణానగరులో సినిమా చిత్రీకరణ పిలుపుకై నిలుచు జూనియర్ ఆర్టిస్టు, ఏజెంటు చెంతనుండగా చెప్పు కూలి యొకటి, టీకొట్టు చాటున చెప్పునది వేఱొకటి. ఈ వ్యత్యాసమును, ఎంత చక్కగా కూర్చినదైనను, ప్రశ్నావళి యొక్కటియే పట్టజాలదు. కావున పిహెచ్.డి. విద్యార్థులను ఒక్క మాసమైనను అనుభవజ్ఞుల వెంట ఆ వీథులకు పంపి, సమ్మతి గైకొనుటయు, చెప్పినవారి పని పోకుండ పేరు దాచుటయు నేర్పింపుడని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు