ఇక మిమ్మల్నే అడుగుతారు

పిల్లలూ, చిన్నతనంలోనే మధుమేహం వచ్చినవారికి రోజూ ఇన్సులిన్ సూదిమందు ఉండాలి గదా! 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో ఆ మందు మొట్టమొదట వేయించుకున్న లియొనార్డ్ థాంప్సన్‌కు 14 ఏళ్లు. అంతకు పూర్వం ఈ జబ్బు వచ్చిన పిల్లలు పెద్దవాళ్లు కావటమే అరుదు.

ఇప్పుడు చక్కగా పెద్దవాళ్లవుతున్నారు. అందుచేత ఏదో ఒకనాడు పిల్లల డాక్టరుగారిని వదిలి పెద్దల డాక్టరుగారి వద్దకు మారక తప్పదు. ఆయన అమ్మను అడగరు, మిమ్మల్నే అడుగుతారు: "ఎన్ని యూనిట్లు? చెమటపట్టి చేతులు వణికితే ఏం చేస్తావు?" (వెంటనే పంచదార తినాలి; తెలియనివారు ఇప్పుడే నేర్చుకోండి.)

పాతవారిని వదిలి, కొత్తవారి వద్దకు వెళ్లక, మధ్యలో మందు మానేసేవారున్నారు. ప్రాణానికే ముప్పు! కనుక పాత చీటీలన్నీ కట్టగట్టుకుని వెళ్లండి. అమ్మను కాసేపు బయట బల్లమీద కూర్చోమనండి. ఆమె ఏమీ అనుకోదు లెండి.