ఆటోపైలట్ కొంటున్నారా? ముందు స్టీరింగ్ చూసుకోండి!

మాది కామారెడ్డి జిల్లా బీబీపేట. సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం చేయాల్సిందే. అయినా మొన్న మా ఊరి తమ్ముడు ఒకడు ఫోన్ చేసిండు. హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నడు. "అన్నా, గోవాల సెకండ్ హ్యాండ్ తెరచాప పడవ తీసుకుంటున్న. ఏ ఆటోపైలట్ మంచిది?" అని అడిగిండు. వాట్సాప్‌లో పంపిన స్క్రీన్‌షాట్ల నిండా డిస్‌ప్లే సైజు, యాప్, రిమోట్. పడవ స్టీరింగ్ ఫోటో మాత్రం ఒక్కటీ లేదు!

నా అభిప్రాయం సూటిగా చెబుతా. ఆటోపైలట్‌ను ఫోన్‌లా స్పెక్స్ చూసి కొనొద్దు. దాని మెదడు దాదాపు మన ఫోన్‌లో ఉన్నదే: గైరో, యాక్సిలరోమీటర్, దిక్సూచి సెన్సర్. అసలు కష్టం చుక్కానిని తిప్పే డ్రైవ్ యూనిట్‌ది, దాని కింద ఉన్న కేబుళ్లు, బోల్టులది.

ఐఎన్‌ఎస్‌వీ తారిణి గుర్తుందా? 2017 సెప్టెంబర్ 10న ఆరుగురు నేవీ మహిళా అధికారులు గోవా నుంచి ప్రపంచయాత్రకు బయల్దేరారు. అందులో ఇద్దరు మనోళ్లే: విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. కేప్ హార్న్ దాటొచ్చిన పడవ, ఇంటికి వచ్చే ఆఖరి దశలో స్టీరింగ్ సమస్యతో అనుకోకుండా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. రిపేర్ చేయించుకుని 2018 మే 21న గోవా చేరింది. చుక్కాని మాట వినకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా ఏం చేస్తుంది?

అందుకే తమ్ముడికి ఇవి చెప్పిన:

* పడవ ఖాళీ బరువు కాదు, నీళ్లు, డీజిల్, సామాన్లతో కలిపిన బరువు లెక్కేయి. దానికంటే ఒక సైజు పెద్ద డ్రైవ్ తీసుకో.
* చేతికర్రతో నడిచే చిన్న పడవకు టిల్లర్ పైలట్ చాలు. చక్రంతో నడిచే పెద్ద పడవకు డెక్ కింద బిగించే డ్రైవ్ మేలు.
* కేబుల్‌లో ఒక్క తీగ తెగినా మొత్తం మార్చెయ్యి. లూజు బోల్టులు, హైడ్రాలిక్ ఆయిల్ లీకేజీ ప్రతి ప్రయాణానికి ముందు చూడు.
* దిక్సూచి సెన్సర్ పక్కన స్పీకర్, ఇనుప సామాను పెట్టొద్దు.
* చక్రం పనిచేయకపోతే వాడే ఎమర్జెన్సీ టిల్లర్‌ను ఒడ్డు దగ్గరే ఒకసారి బిగించి నడిపి చూడు.

బ్యాటరీ అయిపోతే ఎలా అంటారా? కరెంటు లేకుండా గాలితోనే పడవను దారిలో ఉంచే విండ్‌వేన్ ఉంది. 2022 గోల్డెన్ గ్లోబ్ రేసులో ఎలక్ట్రానిక్ ఆటోపైలట్ నిషేధం. అభిలాష్ టామీ తన విండ్‌వేన్ దెబ్బతింటే టాయిలెట్ తలుపు కోసి దానికి రెక్క చేసుకున్నడు, రెండో స్థానంలో నిలిచిండు. మనం చేత్తో బాగుచేసుకోగలిగేదే సముద్రంలో అసలైన ఫీచర్.

ఇప్పుడు తమ్ముడు స్క్రీన్‌షాట్లు ఆపి, చుక్కాని బేరింగ్ ఫోటోలు పంపుతున్నడు. ఇక బేరం మొదలుపెట్టొచ్చు!