పగ్గం పట్టుకొని వేలాడితే సవారీ అవుతుందా?

నాయకర్ జయంతి ఊరేగింపులో రాజు వేషం వేసిన మనవాడు ముందుకు వంగి, పగ్గం పట్టుకొని వేలాడినాడు. గుర్రం తల ఎగరేస్తే 'దానికి పొగరు' అని నవ్వినారు. పొగరు కాదండీ, నోటి నొప్పి. బ్యాలెన్స్ లేనివాడు దాని నోటినే పిడి చేసుకుంటాడు.

ఊరికే నిలబడిన గుర్రానికే సుమారు 60 శాతం బరువు ముందుకాళ్ళ మీద ఉంటుంది. మనిషి వంగితే ఆ కాళ్ళకే ఇంకా భారం. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలి. నడుము గుర్రం నడకతో కదలాలి. రైల్వే గుమాస్తాను, వ్యాగన్‌లో సరుకు ఒకపక్కకు జరిగితే ఏమవుతుందో చూసినాను. వ్యాగన్‌కు నొప్పి లేదు, అంతే తేడా.

"ఒక్క దినానికి ఏమవుతుంది?" అంటుంది కమిటీ. వచ్చే తడవ వేషగాడికి నెల ముందే సవారీ నేర్పించండి. కాదంటే రాజును జీపు ఎక్కించండి, బాడుగ నేనిస్తాను.