కార్లకు నేల.. పసిపిల్లలకు మేడా?

డే కేర్ కేంద్రాల మీద చర్చ వచ్చినప్పుడల్లా సీసీ కెమెరాలు, ఏసీలు, తల్లిదండ్రుల ఫోన్లలో కనిపించే లైవ్ వీడియోల దగ్గరే మాటలు ఆగిపోతున్నాయి. పసిపిల్లల గది ఎన్నో అంతస్తులో ఉంది? అక్కడి నుంచి కిందికి రావడానికి ఎన్ని దారులున్నాయి? ఈ రెండు ప్రశ్నలు అడిగేవారు లేరు. అనుమతి ఇచ్చే అధికారి అడగడు, ఫీజు కట్టే తండ్రి అడగడు, సంపాదకీయాలు రాసేవారూ అడగరు. బహుళ అంతస్తుల డే కేర్‌కు ప్లాన్ గీసేటప్పుడు మొట్టమొదట తేలాల్సింది ఇదే. మూడేళ్లలోపు పిల్లల గది గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉండాలి. పై అంతస్తులో ఏ పిల్లల గది ఉన్నా, దానికి రెండు వేర్వేరు మెట్లదారులు ఉండాలి. ఈ రెండూ లేని భవనానికి ఎన్ని హంగులున్నా అనుమతి ఇవ్వకూడదు.

2025 మే 18న హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. పై అంతస్తులకు ఉన్నది మీటరు వెడల్పు మెట్లదారి ఒక్కటే. మనం కొన్నాళ్లు షార్ట్ సర్క్యూట్ గురించీ, ఫైరింజన్లు ఎంతసేపటికి వచ్చాయన్న దాని గురించీ వాదించుకుని వదిలేశాం. మెట్లదారి మాటను పక్కన పెట్టేశాం. ఆ 8 మంది పిల్లలు పరాయి చోట లేరు. సొంత ఇంట్లో, సొంత మనుషుల మధ్య ఉన్నారు. ప్రాణం ఇచ్చైనా వారిని కాపాడుకోవాలనుకునే పెద్దలు పక్కనే ఉన్నారు. అయినా ఒకే మెట్లదారి వారిని బయటకు రానివ్వలేదు.

ఇప్పుడు డే కేర్ లెక్క చూద్దాం. రెండో అంతస్తులో పది మంది పసిపిల్లలు, ఇద్దరు ఆయాలు ఉన్నారనుకుందాం. నడక రాని పిల్లలను ఒక మనిషి ఒకసారికి ఇద్దరిని మించి ఎత్తుకోలేదు. ఇద్దరు ఆయాలు కలిసి నలుగురిని దించుతారు. మిగిలిన ఆరుగురి కోసం మళ్లీ మెట్లెక్కాలి, ఆ తర్వాత ఇంకోసారి ఎక్కాలి. పొగ కమ్మిన మెట్ల మీద రెండోసారి ఎవరు ఎక్కగలరు? మంటలొస్తే లిఫ్ట్ వాడకూడదన్నది అందరికీ తెలిసిందే. ర్యాంపు కట్టిస్తామంటారా? 1:12 వాలుతో మూడు మీటర్ల ఎత్తు దిగాలంటే 36 మీటర్ల పొడవు కావాలి. రెండు వందల గజాల స్థలంలో అది ఎక్కడ పడుతుంది? గుల్జార్‌హౌజ్‌లో ఇంట్లోవాళ్లకే సాధ్యం కానిది, నెల జీతానికి పనిచేసే ఇద్దరు ఆడవాళ్ల నెత్తిన పెట్టడం అన్యాయం.

మన డే కేర్లలో గదుల అమరిక ఎలా ఉంటోంది? కింది అంతస్తులో పార్కింగ్. దానిపైన రిసెప్షన్, అడ్మిషన్ల టేబుల్, డైరెక్టర్ గారి గది. ఆ పైన ఆటగదులు. అన్నిటికన్నా పైన, ‘చప్పుడు ఉండదు, హాయిగా నిద్రపోతారు’ అన్న సాకుతో పసిపిల్లల ఉయ్యాలలు. పరుగెత్తి బయటపడగల పెద్దలు నేలకు దగ్గరగా, అడుగు వేయలేని పిల్లలు నేలకు దూరంగా ఉంటున్నారు. ఇది తలకిందుల ప్లాన్. దీన్ని సరిచేయడానికి కొత్త భవనం అక్కర్లేదు. పార్కింగ్‌ను తప్పించి, ఆఫీసును పైకి పంపి, ఉయ్యాలలను గ్రౌండ్ ఫ్లోర్‌కు దించితే చాలు.

వంటగది సంగతీ అంతే. కుంభకోణం పట్టణంలో 2004 జులై 16న 94 మంది పిల్లలను బలిగొన్న మంట బడి వంటశాలలోనే మొదలైంది. అయినా మెట్ల కిందే గ్యాస్ సిలిండర్లు పెట్టే కేంద్రాలు ఇప్పటికీ ఉన్నాయి. వంటగది మెట్లకు దూరంగా, పిల్లల పడకగది కింద కాకుండా, గట్టి గోడతో విడిగా ఉండాలి. కిటికీలకు బిగించిన ఇనుప గ్రిల్స్‌లో ప్రతి గదికి ఒకటైనా లోపలి నుంచి తెరుచుకోవాలి. పిల్లలు జారిపోకుండా మెట్ల రెయిలింగ్ సందులు పది సెంటీమీటర్లకు మించకూడదు. మెట్ల దగ్గర గేటు తప్పకుండా ఉండాలి. కానీ ఆ గేటుకు తాళం వేయకూడదు, పెద్దవాళ్లు ఒంటిచేత్తో తీయగల గడియ ఉండాలి. పిల్లలు బయటకు పోకుండా చూడటం ఎంత ముఖ్యమో, అవసరమైన క్షణంలో అందరూ బయటకు రాగలగడం అంతే ముఖ్యం. మన ప్లాన్లలో మొదటిదే కనిపిస్తోంది.

చట్టం ఏం చెబుతోంది? 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ప్రకారం బడుల వంటి జనం గుమిగూడే భవనాలు 6 మీటర్ల ఎత్తు దాటినా, 500 చదరపు మీటర్ల స్థలం మించినా ఫైర్ ఎన్‌ఓసీ కావాలి. నివాస భవనానికైతే ఆ పరిమితి 18 మీటర్లు. ఈ తేడాలోనే మన పిల్లలు ఇరుక్కున్నారు. కాగితం మీద ఇల్లుగా ఉన్న మూడంతస్తుల భవనంలో డే కేర్ పెడితే ఎవరూ తలెత్తి చూడరు. ఇల్లు అంటే 18, బడి అంటే 6. లోపల ఉన్నది పాతిక మంది పసిపిల్లలైనా కాగితం మీది రాత మారకపోతే కొలత మారదు. గుల్జార్‌హౌజ్‌లోనూ కింద వ్యాపారం, పైన కాపురం. భవనంలో వాస్తవంగా ఏం నడుస్తోందో చూడకుండా కాగితం చూసి తృప్తిపడే అలవాటు అక్కడ 17 ప్రాణాలు పోయాక కూడా మారలేదు.

కేంద్రం ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ సదుపాయం కల్పించాలంది. మంచి చట్టం. 2018 మార్గదర్శకాలు దానికి కొలతలూ చెప్పాయి. పని చేసే చోటికి 500 మీటర్లలోపు, ఒక్కో బిడ్డకు 10 నుంచి 12 చదరపు అడుగులు. జపాన్‌లో రెండేళ్లు దాటిన బిడ్డకు 1.98 చదరపు మీటర్లు, అంటే 21 చదరపు అడుగులకు పైగా ఇవ్వాలి. పాకే పిల్లలకైతే 3.3 చదరపు మీటర్లు. స్థలం ఖరీదులో టోక్యో మన నగరాలకు తీసిపోయేదేమీ కాదు. అక్కడ పై అంతస్తుల్లోనూ శిశు కేంద్రాలు ఉన్నాయి. అయితే పై అంతస్తు కావాలంటే రోజూ వాడే మెట్లతో పాటు తప్పించుకునే మార్గం విడిగా చూపాలి. ప్రమాద సమయంలో బయటపడే కసరత్తు నెలకోసారైనా చేసి తీరాలి. అమెరికాలో వాడే అంతర్జాతీయ భవన నియమావళిలో రెండున్నరేళ్లలోపు పిల్లల గదులు బయటకు వెళ్లే నేలమట్టంలో ఉండి, ప్రతి గదికీ నేరుగా ఆరుబయటకు తలుపు ఉంటేనే ఆ కేంద్రాన్ని మామూలు బడితో సమానంగా చూస్తారు. లేదంటే మరింత కఠినమైన తరగతిలోకి నెడతారు. అంతస్తు ముఖ్యమని వారు గుర్తించారు. మనం చదరపు అడుగుల దగ్గరే ఆగిపోయాం.

నిబంధనలు బిగిస్తే చిన్న కేంద్రాలు మూతపడతాయని, ఉద్యోగం చేసే తల్లులు ఇబ్బంది పడతారని కొందరి వాదన. తల్లుల అవసరం నిజమే. గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో గ్రౌండ్ ఫ్లోర్ అద్దె భారమన్నదీ నిజమే. కానీ ఆ గ్రౌండ్ ఫ్లోర్‌ను ఇప్పుడు ఎవరికి ఇచ్చాం? స్టిల్ట్ పేరుతో కార్లకు, స్కూటర్లకు ఇచ్చాం. బండ్లు పెట్టుకోవడానికి నేల దొరికిన భవనంలో పిల్లలకు మాత్రం దొరకదనడం నమ్మదగ్గ మాట కాదు. పైగా బండ్లున్న చోటే ప్రమాదం పొంచి ఉంటోంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ స్కూటర్లు అంటుకుంటే పై లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద నిల్వ చేసిన రసాయనాలు అంటుకుంటే పైన కాపురం ఉంటున్నవారిలో 9 మంది పోయారు. మంట కింద పుట్టింది, పొగ మెట్ల గుండా పైకి పోయింది, మనుషులు పైన చిక్కుకున్నారు. గుల్జార్‌హౌజ్‌లోనూ ఇదే వరస. తల్లుల పేరు చెప్పి వారి బిడ్డలనే ఈ వరసలోకి పంపడం తల్లుల పక్షాన నిలబడటం కాదు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఈ ఏడాదే చేయగల పనులు మూడున్నాయి. డే కేర్ నడిచే ప్రతి భవనానికీ, అది కాగితం మీద ఇల్లయినా సరే, బడికి పెట్టిన 6 మీటర్ల నిబంధనే వర్తింపజేయాలి. అనుమతి పత్రంలో ఏ వయసు పిల్లలు ఏ అంతస్తులో ఉండాలో రాయాలి, మూడేళ్లలోపు గడిలో గ్రౌండ్ ఫ్లోర్ తప్ప మరొకటి రాయడానికి వీల్లేకుండా చేయాలి. ఒకే మెట్లదారి ఉన్న కేంద్రాల పై అంతస్తుల్లో పిల్లలను ఉంచడం వెంటనే ఆపించాలి. వీటికి కమిటీ వేయనక్కర్లేదు, అధ్యయనం అక్కర్లేదు, విదేశీ పర్యటన అసలే అక్కర్లేదు. 17 మంది చావు మన ముందు ఉంచిన నివేదిక చాలు, అందులో 8 పేర్లు పిల్లలవి.

ఇంత తెలిసీ ఒకే మెట్లదారి ఉన్న భవనంలో రెండో అంతస్తు మీద ఉయ్యాలలకు అనుమతి ఇస్తే, రేపు జరగబోయేదాన్ని ప్రమాదం అని పిలిచే హక్కు ఎవరికీ ఉండదు. అనుమతి ఇచ్చిన అధికారి పేరు, హోదా, సంతకం చేసిన తేదీ ఆ డే కేర్ గుమ్మం దగ్గర పెద్ద అక్షరాలతో రాయించండి. ఆ బోర్డు మీద తన పేరు చూసుకోవడానికి భయపడే అధికారి ఆ కాగితం మీద సంతకం చేయకూడదు.