ఎవరూ వద్దనుకున్న పిల్లలు, ఒక పల్లె సంఘం

టెర్రి పిల్లిలా ప్రవర్తిస్తుంది. పేరడిగితే మ్యావ్ అంటుంది. మనుషుల మధ్య పడిన దెబ్బలకు మనిషిగా ఉండటమే మానేసిన పిల్ల. పిల్లల్ని పెంపుడు కుటుంబాలకు అప్పగించే ప్రభుత్వ ఉద్యోగిని కూడా ఈ అమ్మాయిని ఎవరింటికి పంపాలా అని వెనకాడుతుంది. 2024 జూలై 4న అమెరికాలో విడుదలైన ‘సౌండ్ ఆఫ్ హోప్: ద స్టోరీ ఆఫ్ పాసమ్ ట్రాట్’ చిత్రంలో ప్రేక్షకులకు ఎక్కువగా గుర్తుండిపోయే పాత్ర ఈమెదే. ఏంజెల్ స్టూడియోస్ విడుదల చేసిన ఈ సినిమాకు దర్శకుడు జాషువా వీగెల్. (అదే సంస్థ 2023లో తెచ్చిన ‘సౌండ్ ఆఫ్ ఫ్రీడమ్’కు ఇది రెండో భాగం కాదు. పేర్లు దగ్గరగా ఉన్నాయంతే.)

కథ నిజంగా జరిగింది. తూర్పు టెక్సాస్‌లో పాసమ్ ట్రాట్ అనే పల్లెలో బెన్నెట్ చాపెల్ అనే నల్లజాతి బాప్టిస్టు సంఘం ఉంది. కాపరి రెవరెండ్ డబ్ల్యూ.సి. మార్టిన్, ఆయన భార్య డోనా. 1996లో డోనా తల్లి చనిపోయింది. ఆ దుఃఖంలో కూరుకుపోయిన డోనాకు తల్లి లేని పిల్లల మీద భారం కలిగింది. దంపతులు ముందుగా తమ ఇంటి తలుపు తీశారు. తర్వాత సంఘంలో ఒక్కో కుటుంబం ముందుకొచ్చింది. ఎవరూ తీసుకోని పిల్లల్నే మాకివ్వండని కాపరి అధికారుల్ని అడిగాడు. చివరికి 22 కుటుంబాలు 77 మంది పిల్లల్ని దత్తత తీసుకున్నాయి. వాళ్లెవరూ ధనవంతులు కారు.

ఈ సినిమాను మెచ్చుకునేటప్పుడు చాలామంది ఆ 77 అనే అంకె దగ్గర చప్పట్లు కొట్టి ఆగిపోతారు. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. పిల్ల ఇంటికొచ్చిన రోజుతో కథ సుఖాంతం అయిపోదు. దెబ్బలు తిన్న పిల్లలు ఆ దెబ్బల్ని కూడా వెంట తెచ్చుకుంటారు. ఎంత ప్రేమించినా నమ్మరు. ఎలాగూ మళ్లీ పంపేస్తారు కదా, ఆ పంపేదేదో ఇప్పుడే పంపండి అన్నట్టు పరీక్ష పెడతారు. ఇంట్లో డబ్బు చాలదు, నిద్ర చాలదు. ప్రార్థించి మొదలుపెట్టిన డోనాయే ఇక నావల్ల కాదనే చోటికి వస్తుంది. సాక్ష్యాల్లో మనం సాధారణంగా దాటేసే భాగం ఇది. ఈ సినిమా దాన్ని దాటెయ్యలేదు. చివర్లో సంగీతం కాస్త ఎక్కువైనా, ఈ ఒక్క నిజాయితీ కోసం దాన్ని క్షమించవచ్చు.

అమెరికాలో ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలు 3 లక్షలకు పైమాటే. కుటుంబం దొరక్కుండానే వయసు మీరి బయటికి వచ్చేవాళ్లు ఏటా వేలల్లో ఉంటారు. అది వాళ్ల దేశం, వాళ్ల వ్యవస్థ. అయినా మన సంఘాల్లో ఈ సినిమా చూసిన వాళ్లకు ఒక ప్రశ్న తప్పదు.

అనాథ పిల్లల విషయంలో తెలుగు సంఘాలు ఏమీ చెయ్యలేదని ఎవరూ అనలేరు. మిషనరీల కాలం నుంచి బోర్డింగులు, హాస్టళ్లు, బాలల గృహాలు నడిపాం. వాటిలో అన్నం తిని చదువుకున్నవాళ్లు ఈ రోజు పాస్టర్లుగా, నర్సులుగా, టీచర్లుగా మన మధ్యే ఉన్నారు. కానీ మన జవాబు ఎప్పుడూ ఒక భవనం. క్రిస్మస్‌కు కేకు, కొత్త బట్టలు తీసుకుని ఆ భవనానికి వెళతాం, పాటలు పాడతాం, ఫొటో దిగుతాం, చీకటి పడేలోగా ఇంటికి వచ్చేస్తాం. పాసమ్ ట్రాట్ సంఘం భవనం కట్టలేదు. ఉన్న ఇళ్లలోనే ఇంకో పక్క వేసింది.

మనలో దీనికి అడ్డం వచ్చేది డబ్బు ఒక్కటే కాదు, మాట కూడా. ప్రసంగ పీఠం మీద నుంచి దత్తపుత్రాత్మ గురించి బోధిస్తాం. దేవుడు మనల్ని దత్తత తీసుకున్నాడని ఆరాధనలో కళ్లు తుడుచుకుంటాం. గుడి మెట్లు దిగగానే, ‘ఆ పిల్ల వాళ్ల సొంతం కాదట, పెంచుకున్నారట’ అని చెవులు కొరుక్కుంటాం. పెళ్లి సంబంధం దగ్గర అదే మాట మళ్లీ పైకొస్తుంది. ఎవరి రక్తమో, ఏ కులమో అన్న ప్రశ్న క్రైస్తవ ఇళ్లలో కూడా అడుగుతారని ఒప్పుకోవడానికి మనకు సిగ్గుగా ఉంటుంది, కానీ అడుగుతారు.

ఇంకో అడ్డంకి, మనకు చట్టంలో దత్తత లేదన్న పాత నమ్మకం. ఒకప్పుడు అది నిజమే. 1956 నాటి దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు. 1890 నాటి చట్టం కింద మనం గార్డియన్లుగా మాత్రమే ఉండగలిగేవాళ్లం. బిడ్డకు వారసత్వం దక్కేది కాదు. జువెనైల్ జస్టిస్ చట్టంతో ఆ పరిస్థితి మారింది. ఏ మతం వారైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. అయినా కొందరు పెద్దలు ఇప్పటికీ పాత మాటే చెబుతున్నారు.

దేశంలో దత్తత కోసం పేర్లు నమోదు చేసుకుని వేలాది దంపతులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. దాదాపు అందరికీ కావాల్సింది పసిపాప. పదేళ్లు దాటిన పిల్ల, అన్నదమ్ములు ముగ్గురు కలిసి ఉన్న పిల్లలు, వైకల్యం ఉన్న బిడ్డ హోముల్లోనే ఉండిపోతారు. 18 నిండితే హోం వదిలి వెళ్లాలి. 21 వరకు కొంత సాయం అందించే ఏర్పాటు చట్టంలో ఉంది కానీ, పండక్కి వెళ్లడానికి ఒక ఇల్లు ఉండదు.

దత్తతకు ధైర్యం చాలని వాళ్లకు ఇంకో దారి ఉంది, మన సంఘాల్లో చాలామంది దాని పేరే వినలేదు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, 44వ సెక్షన్ ప్రకారం ఫోస్టర్ కేర్. ఆరేళ్లు దాటి హోముల్లో ఉంటున్న పిల్లల్ని బాలల సంక్షేమ కమిటీ అనుమతితో ఇంట్లో పెట్టుకుని పెంచవచ్చు. 2024లో కేంద్రం మార్గదర్శకాల్ని సవరించింది. పెళ్లికాని వాళ్లు, భర్తను లేదా భార్యను పోగొట్టుకున్న వాళ్లు కూడా 35 నుంచి 60 ఏళ్ల లోపు అయితే ముందుకు రావచ్చు. ఒంటరి పురుషుడికి మాత్రం ఆడపిల్లను ఇవ్వరు. బిడ్డకు దత్తతకు అర్హత ఉంటే రెండేళ్లు పెంచాక దత్తతకు అడగవచ్చు, ఇంతకుముందు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది. మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు రూ. 4,000 సాయం ఉంది. మన స్త్రీల సమాజాల్లో పిల్లలు పెద్దవాళ్లై దూరం వెళ్లిపోయాక ఖాళీ ఇంట్లో ఉంటున్న అమ్మలు ఎంతమంది లేరు!

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. ఆసుపత్రిలో మాట్లాడుకుని, పాస్టరు గారు మధ్యవర్తిగా ఉండి, రాత్రికి రాత్రి బిడ్డను తెచ్చుకునే పద్ధతి కొన్నిచోట్ల ఇంకా సాగుతోంది. ఎంత మంచి మనసుతో చేసినా అది నేరం. పద్ధతి తప్పి బిడ్డను తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా పడొచ్చు. పిల్లల్ని మతం మార్చడానికే తీసుకుంటారన్న అనుమానం మన మీద ఉన్న ఈ రోజుల్లో, కాగితం సరిగా లేని ప్రేమ ఆ బిడ్డకే ముప్పు తెస్తుంది. పాసమ్ ట్రాట్ వాళ్లు కూడా అధికారుల ద్వారానే వెళ్లారు, శిక్షణకు కూర్చున్నారు, ఇంటి తనిఖీలకు తలుపులు తీశారు.

ఈ సినిమాను యూత్ మీటింగులో వెయ్యాలనుకునే సంఘాలకు ఒక సూచన. ఆ సాయంత్రం జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి ఒక అధికారిని పిలవండి. సినిమా అయ్యాక కానుక పట్టేలోపు ఆయనకు పావుగంట ఇవ్వండి. దరఖాస్తు ఎలా ఉంటుందో, ఇల్లు చూడటానికి ఎవరొస్తారో, ఏమేం అడుగుతారో ఆయన చెబుతారు. వెనక వరసలో కూర్చున్న ఏ ఒంటరి టీచరమ్మో చెయ్యెత్తి ప్రశ్న అడిగితే, పక్కనున్నవాళ్లు తిరిగి ఆమె ముఖం వంక అదోలా చూడకుండా ఉండాలి.